సొరచేప పళ్ళ కోసం పడవ ప్రయాణం: చార్ల్స్‌టన్ దీవులు, మన కడప రాళ్ళు

నమస్కారం. జమ్మలమడుగు నుంచి మీరు అడిగిన ప్రశ్నలు నాలుగు. వచ్చే వేసవిలో మీరు అమెరికాలోని చార్ల్స్‌టన్‌లో ఉన్న కూతురి ఇంటికి వెళ్తున్నారు, అక్కడి తీరపు దీవుల్లో శిలాజాలు వెతకడానికి గైడు నడిపే చిన్న పడవను అల్లుడు ముందే మాట్లాడి పెట్టాడు. అక్కడ నిజంగా ఏం దొరుకుతుంది, ఈత రాని, చక్కెర వ్యాధి ఉన్న మీ శ్రీమతిని తీసుకువెళ్ళవచ్చా, దొరికినవి తెచ్చి మీరు పనిచేసిన బడి పిల్లలకు చూపించవచ్చా, గండికోట నీళ్ళలో మనమూ ఇలాంటి ప్రయాణం పెట్టుకోవచ్చా అని అడిగారు. నేను కడపలో ముప్పై ఏళ్ళు డిగ్రీ విద్యార్థులకు భూగర్భశాస్త్రం బోధించాను. కొడుకు ఉద్యోగం చార్ల్స్‌టన్‌లో కావడం వల్ల ఆ దీవులకు ఐదు సార్లు వెళ్ళి వచ్చాను. అందువల్ల రెండు వైపుల సంగతీ చెప్పగలను.

ముందుగా, ఆ పళ్ళు దీవుల ఒడ్డుకు ఎలా వచ్చాయో తెలుసుకుంటే మిగిలిన ప్రశ్నలకు జవాబు సులువవుతుంది. చార్ల్స్‌టన్ నగరం కింద, రేవు అడుగున, చుట్టుపక్కల నదుల గర్భంలో దాదాపు రెండున్నర నుంచి మూడు కోట్ల సంవత్సరాల నాటి సముద్రపు మేటలు పొరలుగా ఉన్నాయి. వాటిపైన, వాటిని కోసుకుంటూ, మంచుయుగం నాటి ఇసుక, బంకమట్టి పొరలు ఉన్నాయి. సొరచేప అస్థిపంజరం మెత్తని మృదులాస్థి కాబట్టి అది సాధారణంగా కుళ్ళిపోతుంది. పళ్ళు మాత్రం గట్టివి, పైగా ఒక్కొక్క చేప జీవితకాలంలో వేల సంఖ్యలో పళ్ళను రాల్చి కొత్తవి మొలిపించుకుంటుంది. అందుకే చేప కనిపించని చోట కూడా దాని పళ్ళు దొరుకుతాయి. ఆ మేటల్లోని ఫాస్ఫేటు, ఇనుము పంటిలోకి చేరి తెల్లని పంటిని నలుపు, బూడిద, గోధుమ రంగులకు మార్చాయి. ఆ ఫాస్ఫేటు కోసమే 1867 నుంచి కొన్ని దశాబ్దాల పాటు అక్కడ గనులు తవ్వి, ఎరువు తయారుచేసి పొలాలకు పంపారు. బుడ్డల చేనికి సూపర్ ఫాస్ఫేటు చల్లిన మన రైతుకు ఆ రాయి గుణం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. మీరు వెళ్ళే దీవుల్లో కొన్ని సహజంగా ఏర్పడిన ఇసుక దీవులు, కొన్ని ఓడల దారిలో తీసిన పూడికను పోయగా ఏర్పడిన మట్టి దిబ్బలు. చార్ల్స్‌టన్ రేవును విడతలు విడతలుగా లోతు చేస్తూ వచ్చారు, 2022 నాటికి 52 అడుగుల లోతు తెచ్చారు. ఆ యంత్రాలు అడుగు పొరలను చీల్చి పైకి తెచ్చినప్పుడు మూడు కోట్ల ఏళ్ళ నాటి పన్ను, ఇరవై వేల ఏళ్ళ నాటి గుర్రం దవడ పన్ను, నిన్నటి ఆల్చిప్ప ఒకే కుప్పలో పడతాయి. అలలు కోసిన ఒడ్డున కూడా ఇదే జరుగుతుంది. అంటే మీ చేతికి వచ్చే పన్ను ఏ పొరలో పుట్టిందో, దాని పక్కన ఏ జీవి ఉందో ఎవరూ చెప్పలేరు. నా విద్యార్థులకు నేను చెప్పేవాణ్ణి, శిలాజానికి ఊరూ పేరూ రెండూ ఉంటాయని. పేరు దాని ఆకారం చెబుతుంది, ఊరు అది పడి ఉన్న పొర చెబుతుంది. ఆ దీవుల్లో ఊరు పోగొట్టుకున్న శిలాజాలే దొరుకుతాయి కాబట్టి, చట్టం అనుమతించిన చోట వాటిని ఏరుకుంటే శాస్త్రానికి పెద్ద నష్టం లేదు. అదే పొరలో ఇంకా నిలిచి ఉన్న ఎముక కనిపిస్తే వేలు కూడా పెట్టకూడదు. ఈ తేడా ఒక్కటి మనసులో ఉంచుకోండి. గండికోట గురించి చెప్పేటప్పుడు మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఏం దొరుకుతుందని అడిగారు. ఎక్కువగా గోరంత నుంచి రెండు మూడు సెంటీమీటర్ల వరకు ఉండే పళ్ళు దొరుకుతాయి. సన్నగా సూదిలా ఉండి మొదట్లో రెండు చిన్న ముళ్ళున్నది ఇసుక పులి సొర పన్ను. ఒక పక్కకు వంగి, వెనుక గాటు పడినట్టున్నది పులి సొర పన్ను. వీటితో పాటు దువ్వెన ముక్కలా గీతలు గీతలుగా ఉన్న నల్లని పలకలు దొరికితే పారేయకండి, అవి టేకు చేపలు (బల్లపరుపుగా ఉండే రే చేపలు) గుల్లలను నమలడానికి వాడిన నోటి పలకలు. చేపల వెన్నుపూసలు క్యారం బిళ్ళల్లా గుండ్రంగా ఉంటాయి. తాబేలు చిప్ప ముక్కలు, తిమింగలం చెవి ఎముకలు కూడా వస్తాయి. అందరూ కోరుకునేది మెగలొడాన్ పన్ను. అది సుమారు 36 లక్షల సంవత్సరాల క్రితం అంతరించిన సొర. దాని పెద్ద పళ్ళు 17 సెంటీమీటర్లు దాటతాయి. అరచేతి కంటే చిన్నదై, పన్నుకు రెండు వైపులా చిన్న మొనలు కూడా ఉంటే అది మెగలొడాన్ కాదు, దానికి పూర్వపు జాతి అయిన ఆంగుస్టిడెన్స్ కావచ్చు. అది మరింత పాతది, నా దృష్టిలో మరింత అందమైనది. ఐదు ప్రయాణాల్లో నాకు పూర్తి మెగలొడాన్ పన్ను ఒక్కటీ దొరకలేదు, విరిగిన ముక్కలు మూడు దొరికాయి. కరపత్రాల్లో బొమ్మ చూసి అల్లుడు ఆశ పెట్టుకుని ఉంటే ఈ మాట ముందే చెప్పండి.

కంటికి పని చెప్పే పద్ధతి ఒకటుంది. మనం బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ప్రతి గింజనూ చూడము, తేడాగా ఉన్నదే కంటికి తగులుతుంది. ఒడ్డున కూడా అంతే. అల వెనక్కి పోయినప్పుడు గవ్వలు, గులకరాళ్ళు ఒక గీతలా పేరుకుంటాయి. సూర్యుణ్ణి ఎదురుగా ఉంచుకుని ఆ గీత వెంట మెల్లగా నడవండి. పంటి మీద ఉన్న ఎనామిల్ తడిలో నిగనిగలాడుతుంది, రాయి అలా మెరవదు. మొదటి పన్ను కనిపించడానికి అరగంట పట్టవచ్చు, తర్వాత కన్ను తనంతట తానే పట్టుకుంటుంది. గోరుతో గీకి చూడడం, చేతిలో బరువు చూడడం చాలు. ఎముక అవునో కాదో తెలుసుకోవడానికి నాలుకకు తగిలించి చూడమని కొందరు గైడులు చెబుతారు, ఆ బురద నీటిలో ఆ పని చేయకండి.

శాస్త్రం గుర్తించక ముందే ఈ శిలాజాలను గుర్తించిన వారి కథ ఒకటి అక్కడ ఉంది, మీరు పిల్లలకు తప్పక చెప్పాలి. 1725 ప్రాంతంలో చార్ల్స్‌టన్ దగ్గర స్టోనో అనే చోట బానిసలుగా పనిచేస్తున్న ఆఫ్రికా వారు నేల తవ్వుతుండగా పెద్ద దవడ పళ్ళు బయటపడ్డాయి. అవి ఏనుగు పళ్ళని ఆ పనివారందరూ చెప్పారు. తమ దేశంలో ఏనుగును చూసినవారు కాబట్టి వారికి తెలిసింది. మార్క్ కేట్స్‌బీ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ మాటను నమోదు చేశాడు. అవి మామత్ అనే, అంతరించిన ఏనుగు జాతి పళ్ళని తర్వాతి కాలంలో నిర్ధారించారు. ఆ పనివారి పేర్లు మనకు మిగలలేదు, వారు చెప్పిన నిజం మిగిలింది.

ఇక వేళ సంగతి. ఈ ప్రయాణం మంచిగా జరగడమూ చెడిపోవడమూ ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుంది. సముద్రం చూడని ఊళ్ళవాళ్ళం కాబట్టి మనం దీన్ని తేలికగా తీసుకుంటాము. నీరు పెరగడం పోటు, తీయడం పాటు. చార్ల్స్‌టన్‌లో ఈ రెంటి మధ్య నీటిమట్టం సగటున 1.6 మీటర్లు మారుతుంది. ఆరు గంటలకు కొంచెం పైగా నీరు పెరిగి, అంతే సేపు తగ్గుతుంది, ఆ వేళలు రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. నీరు పూర్తిగా తీసే సమయానికి రెండు గంటల ముందు దీవి చేరి, తిరిగి పోటు మొదలయ్యాక బయలుదేరడం సరైన పద్ధతి. అమావాస్య, పున్నమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో పాటు మరింత దిగువకు పోతుంది, మామూలుగా నీటిలో మునిగి ఉండే గులక మేటలు కూడా బయటపడతాయి. మీ ఇంట్లో పంచాంగం ఉంటుంది కాబట్టి తేదీ ఎంచుకోవడానికి అది పనికొస్తుంది. గంట, నిమిషం మాత్రం అమెరికా ప్రభుత్వ సముద్ర సంస్థ నోవా ఇచ్చే పట్టికలోనే చూడండి.

నా రెండవ ప్రయాణంలో గైడు ఈ లెక్క తప్పాడు. అతను ఓపికగల యువకుడే, కానీ మేము ఇంకాస్త ఉందామని అడిగితే కాదనలేకపోయాడు. మేము తిరిగి వచ్చేసరికి పడవ అడుగు ఇసుకకు ఆనింది, నలుగురం నెట్టినా కదలలేదు. నీరు మళ్ళీ పెరిగే వరకు మూడు గంటలకు పైగా నీడ లేని ఇసుక మీద కూర్చున్నాము, తాగే నీరు చివరి గంటకు అయిపోయింది. అప్పటి నుంచి నేను మనిషికి మూడు లీటర్ల నీరు పట్టుకుపోతున్నాను. ఎంత బాగా దొరుకుతున్నా గైడు చెప్పిన వేళకు పడవ ఎక్కాలని తోటివారికి ముందే చెబుతున్నాను.

మీ శ్రీమతి విషయం జాగ్రత్తగా రాస్తాను. ఈత రాకపోవడం అడ్డంకి కాదు. ఇటువంటి చిన్న పడవల్లో సాధారణంగా డబ్బు చెల్లించే ప్రయాణికులు ఆరుగురికి మించరాదు, నడిపే వ్యక్తికి అమెరికా కోస్ట్ గార్డ్ ఇచ్చిన లైసెన్సు ఉండి తీరాలి. అది చూపించమని అడగడం మర్యాద తప్పడం కాదు. మనిషికొక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలన్నది చట్టం, పెద్దవారు తొడుక్కోవడం వారి ఇష్టానికి వదిలేస్తారు. మీరు ఆ ఇష్టాన్ని పక్కనబెట్టి ఒడ్డు వదిలినప్పటి నుంచి దిగే వరకు ఇద్దరూ తొడుక్కోండి. చీర కట్టుకుని పడవ దిగడం కష్టం, దిగేది మోకాలి లోతు నీటిలోకే. పంజాబీ డ్రస్ మేలు.

నన్ను నిజంగా ఆలోచింపజేసేది చక్కెర వ్యాధి. ఆ దీవుల అంచుల్లో ఆల్చిప్పలు గుంపులుగా, బ్లేడుల్లా నిలబడి ఉంటాయి. వెచ్చని ఉప్పు నీటిలో విబ్రియో అనే సూక్ష్మజీవి ఉంటుంది. చిన్న గాటు ద్వారా లోపలికి పోతే ఆరోగ్యవంతులకు అరుదుగానే ప్రమాదం, కానీ కాలేయ జబ్బు, చక్కెర వ్యాధి ఉన్నవారిలో గంటల వ్యవధిలో తీవ్రం కావచ్చు. చక్కెర వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే గాటు పడినట్టు కూడా తెలియదు. కాబట్టి ఆమె కాలికి ఇప్పటికే పుండు గానీ పగులు గానీ ఉంటే నీటిలో దిగవద్దు, పడవలో గానీ పొడి ఇసుక మీద గానీ ఉండి చూడమనండి. దిగితే మడమ, వేళ్ళు పూర్తిగా మూసే గట్టి అడుగు బూట్లు వేసుకోవాలి, చెప్పులు ఎంతమాత్రం పనికిరావు. ఇంటికి వచ్చాక మంచి నీటితో సబ్బు పెట్టి కడిగి రెండు పాదాలనూ వెలుతురులో చూడాలి. ఎరుపు, వాపు, జ్వరం కనిపిస్తే మర్నాటి వరకు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఉప్పు నీటిలో గాయమైందని మొదటి మాటగా చెప్పాలి. ప్రయాణానికి ముందు మీ వైద్యుణ్ణి అడిగి ఆయన వద్దంటే మానుకోండి. ఆమె భోజనం, మాత్రల వేళ కూడా ఆటుపోట్ల వేళతో కలిపి చూసుకోవాలి. పడవ ఆలస్యమైనా తినడానికి ఏదో ఒకటి చేతి సంచిలో ఉండాలి.

అక్కడి బురదను ప్లఫ్ మడ్ అంటారు, గడ్డి మొలిచిన చోట అది మోకాలి దాకా దింపి బూటును లాగేసుకుంటుంది. గైడు అడుగు పెట్టిన చోటే అడుగు పెట్టండి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు వస్తాయి కాబట్టి ఉదయపు ప్రయాణం ఎంచుకోండి.

దొరికినవి తీసుకోవచ్చా అన్నది మీ మూడవ ప్రశ్న. నీరు తీసిన ఒడ్డున, అనుమతి ఉన్న చోట, పైకి తేలి ఉన్న పళ్ళను ఏరుకోవచ్చు. నీటి అడుగు నేల నుంచి తీయాలంటే దక్షిణ కరోలినాలో ప్రత్యేక లైసెన్సు కావాలి, ఏం దొరికిందో నివేదిక కూడా ఇవ్వాలి. పూడిక దిబ్బల్లో కొన్నింటి మీదికి ప్రజలను రానివ్వరు. క్రాబ్ బ్యాంక్ వంటి పక్షుల దీవులను మార్చి 15 నుంచి అక్టోబరు 15 వరకు మూసి ఉంచుతారు, ఇసుక మీద పెట్టిన గుడ్లు మన కంటికి గులకరాళ్ళలాగే కనిపిస్తాయి. తాడు కట్టిన హద్దు దాటకండి. మోరిస్ దీవి వైపు వెళ్తే 1876లో నేల మీద కట్టిన దీపస్తంభం ఇప్పుడు నీటి మధ్య నిలబడి ఉండడం చూస్తారు. తీరం ఎంత కోసుకుపోయిందో దానికంటే స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. ఆ ప్రాంతమంతా అమెరికా అంతర్యుద్ధపు రణభూమి. 2016లో మాథ్యూ తుపాను తర్వాత పక్కనున్న ఫాలీ బీచ్ ఇసుకలో పాత ఫిరంగి గుళ్ళు బయటపడగా నిపుణులు వచ్చి పేల్చివేశారు. తుప్పు పట్టిన గుండు కనిపిస్తే తాకకుండా గైడును పిలవండి. మనిషి చేసిన ఏ వస్తువునైనా అక్కడే వదలండి.

పిల్లల కోసం తెచ్చేటప్పుడు పది మంచి పళ్ళు చాలు, కిలో సంచి వద్దు. ఒక్కొక్కదాన్ని విడి కాగితంలో చుట్టి తేదీ, దీవి పేరు, ఒడ్డున ఎక్కడ దొరికింది, పోటు సమయమా పాటు సమయమా అన్నది పెన్సిలుతో రాయండి. పొర తెలియకపోయినా దొరికిన చోటైనా నమోదవుతుంది. రోజూ నీరు మారుస్తూ వారం పాటు మంచి నీటిలో నానబెడితే ఉప్పు పోతుంది, లేకపోతే ఆరిన తర్వాత పన్ను పొరలుగా ఊడుతుంది. పడవ ఎక్కే ముందు రోజు చార్ల్స్‌టన్ కళాశాలలోని మేస్ బ్రౌన్ మ్యూజియంలో గంటసేపు గడపండి. పెలగోర్నిస్ సాండర్సి గురించి కూడా పిల్లలకు చెప్పండి. రెక్కలు చాపితే ఆరు మీటర్లు దాటే ఈ సముద్ర పక్షి ఎముకలు 1983లో చార్ల్స్‌టన్ విమానాశ్రయపు నిర్మాణంలో బయటపడ్డాయి, దానికి పేరు పెట్టింది 2014లో. మీరు విమానం దిగేది ఆ నేల మీదనే.

ఇప్పుడు గండికోట. పెన్నా నీటి మీద పడవలో ఎంత తిరిగినా అక్కడ పన్ను గానీ ఎముక గానీ గవ్వ గానీ దొరకదు. కారణం ఆ కొండ వయసు. ఆ నిలువు గోడలు గండికోట క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, ఒకప్పుడు తీరపు ఇసుక. దాని మీద అలలు వేసిన ముడతలు కొన్ని చోట్ల ఈనాటికీ కనిపిస్తాయి. కానీ ఆ అలల కాలానికి భూమి మీద చేప లేదు, గవ్వ లేదు. గట్టి చిప్పలున్న జంతువులు వచ్చింది దాదాపు 54 కోట్ల సంవత్సరాల క్రితమే, మన కడప రాళ్ళలో ఎక్కువ భాగం అంతకంటే ఎంతో పాతవి. కడప, బేతంచెర్ల, తాడిపత్రి బండల మీద చెట్టు కొమ్మల్లాంటి నల్లని బొమ్మలు చూసి ఆకు శిలాజమని నా దగ్గరకు ఎందరో తెచ్చారు. అది పగుళ్ళలోకి ఇంకిన నీరు వదిలిన మాంగనీసు, ఇనుము మరకలే, జీవం కాదు. ప్రతిసారీ ఆ మాట చెప్పడానికి నాకు కష్టంగా ఉండేది.

అయినా మనకు ఉన్నది తక్కువ కాదు. పాపఘ్ని నది గండి క్షేత్రం దగ్గర కొండను చీల్చుకుని వచ్చే ప్రాంతంలో, వేంపల్లె పరిసరాల్లో, డోలమైటు అనే, సున్నపురాయి వంటి రాళ్ళ మీద సగానికి కోసిన ఎర్రగడ్డలాగా పొరలు పొరలుగా వలయాలు కనిపిస్తాయి. అవి స్ట్రొమటొలైట్లు. లోతు తక్కువ సముద్రంలో కంటికి కనిపించని నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగురు చాపల్లా పరుచుకుని, పడిన మట్టిని పట్టి, ఎండ కోసం మళ్ళీ పైకి పాకి, అలా ఒక్కో పొరగా కట్టిన గుబ్బలవి. వయసు దాదాపు 190 కోట్ల సంవత్సరాలు. మీరు దీవిలో ఏరే అత్యంత పాత పంటికంటే అరవై రెట్లకు పైగా పాతవి. మనం పీల్చే ప్రాణవాయువును గాలిలో నింపినది ఇటువంటి జీవులే. ముఖ్యంగా, ఇవి ఊరు పోగొట్టుకున్న శిలాజాలు కావు. పుట్టిన చోటే, పుట్టిన పొరలోనే, తల పైకి పెట్టుకుని నిలిచి ఉన్నాయి. సుత్తితో ఒక ముక్క కొట్టి తెస్తే అది బల్ల మీద గీతల రాయి అవుతుంది, కొండకు మానని గాయం మిగులుతుంది. కాబట్టి అక్కడికి సుత్తి తీసుకుపోవద్దు. పిల్లల చేత గీయించండి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయించండి. పులివెందుల వైపు ఆ డోలమైటులో దూదిలా నారలు నారలుగా ఉండే ఆస్బెస్టాసు కూడా ఉంటుంది, దాన్ని గిల్లడం, ఊదడం ఊపిరితిత్తులకు హాని. తుమ్మలపల్లె యురేనియం గని పరిధిలోకి కూడా వెళ్ళకండి.

ఎముకలే చూపించాలనుకుంటే కర్నూలు వైపు బేతంచెర్ల దగ్గర బిల్వస్వర్గం గుహలున్నాయి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అక్కడి మట్టిలో ఎముకలను గుర్తించాడు, 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వకాలు జరిపారు. అక్కడ దొరికిన ఖడ్గమృగానికి లిడెక్కర్ అనే శాస్త్రవేత్త కర్నూలు పేరుతో కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. ఈనాడు ముళ్ళచెట్లు తప్ప మరేమీ లేని ఆ గుట్టల్లో ఖడ్గమృగం మేసిందని చెబితే పిల్లల ముఖాలు చూడాలి. గుహ నేల మాత్రం తవ్వకూడదు, ఆ మట్టి పొరలన్నీ ఇంకా చదవవలసినవే. సముద్రపు గవ్వలు కావాలంటే తమిళనాడులోని అరియలూరు వరకు వెళ్ళాలి. మీ పూజగదిలో సాలగ్రామం ఉంటే దాని లోపలి చక్రం అమ్మొనైటు అనే సముద్ర జీవి ముద్ర అని, అరియలూరు రాళ్ళలో దాని బంధువులు ఉన్నాయని చెప్పండి.

వేంపల్లెకు బడి పిల్లలను తీసుకుపోవాలంటే వర్షాలు ఆగిన తర్వాత డిసెంబరు, జనవరి నెలలు మంచివి. ఉదయం తొమ్మిదింటి లోపు పక్కవాటుగా పడే ఎండలో ఆ వలయాలు స్పష్టంగా లేచి కనిపిస్తాయి. ఒక సీసాతో నీళ్ళు పట్టుకుపోయి రాతి మీద చల్లితే ఇంకా బాగా కనిపిస్తాయి. పొలాల్లోకి దిగే ముందు రైతును అడగండి. మీరు అమెరికా నుంచి తిరిగి వచ్చాక తేదీ చెబితే నేను కడప నుంచి వచ్చి పిల్లలతో పాటు నడుస్తాను.